కొట్టేసిన నాలుగు వరుసలు

పాతికేళ్లుగా ఒక లెక్క నా గుండెల మీద బరువుగా కూర్చుని ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

మండపేటలో మా డాబా మీద టెన్త్ పిల్లలకి ట్యూషన్ చెప్పేవాణ్ని. నేను చదివింది బీకాం. అయినా లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు మూడూ నేనే. గైడు చూసుకుని వచ్చి, అదంతా నా బుర్రలోంచే పుట్టినట్టు చెప్పేవాణ్ని. మాస్టారికి రానిది లేదని పేరు. ఆ పేరంటే నాకెంత మోజో!

సత్యవేణి తల్లి రైసుమిల్లు కళ్లంలో ధాన్యం ఆరబోసేది. ఒకరోజు ఆ పిల్ల, త్రిభుజం మీద నిరూపించాల్సిన లెక్క ఒకటి చేసి తెచ్చింది. గైడులో అది పేజీ నిండా ఉంటుంది. తను అడ్డంగా ఒక గీత గీసి నాలుగు వరుసల్లో తేల్చేసింది. నాకు అర్థం కాలేదు. కాలేదని అందరి ముందూ ఎలా అంటాను? ఎర్ర పెన్నుతో కొట్టేశాను. సొంత తెలివి చూపించొద్దన్నాను. పిల్లలు నవ్వారు.

వాళ్లు వెళ్లాక ఆ నాలుగు వరుసలూ గుర్తు తెచ్చుకుని కాగితం మీద వేసి చూశాను. ఎక్కడా తప్పు లేదు. మర్నాడు చెబుదామనుకున్నాను. మర్నాడు అందరూ వచ్చి కూర్చునేసరికి నోరు రాలేదు. తెలియక చేసింది ఆ ఒక్క పూటే, మిగతాదంతా తెలిసి చేసిందే.

పబ్లిక్ పరీక్షలో ఆ లెక్కే వచ్చింది. సాయంత్రం సత్యవేణి పరుగున వచ్చింది.

"మీరు చెప్పిన పద్ధతి గుర్తు రాలేదండి మాస్టారూ. నాది రాసేశాను. మళ్లీ తప్పు కదా అని కొట్టేశానండి."

"మంచి పని చేశావు," అన్నాను.

మూడు మార్కుల తేడాలో లెక్కలు పోయాయి. మళ్లీ పరీక్షకి ఫీజు కట్టమంటే, తనకి లెక్కలు రావని చెప్పి తల్లితో పాటు కళ్లంలోకి వెళ్లిపోయింది. ఆ మాట ఆమెకి నేర్పిందెవరు? నా దగ్గర ఆమె బాగా నేర్చుకున్నది అదొక్కటే. ఇప్పటికీ ఎవరి నోట్‌బుక్ మీద ఎర్ర గీత పెట్టబోయినా ఆ పిల్ల ముఖం కనిపించి చెయ్యి ఆగిపోతుంది.

పోయిన వారం సత్యవేణి తన కూతుర్ని ట్యూషన్‌లో చేర్చడానికి తీసుకొచ్చింది. తనలా మొద్దు కాకుండా చూడమంది. ఆ పిల్ల చేత నా కాళ్లకి దండం పెట్టించింది. సిగ్గు లేకుండా దీవించాను.

సత్యవేణి చేసిన లెక్క తప్పు కాదు. ఈ వాక్యం ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆమెకి చెబుతానా? ఏమో, నా మీద నాకు నమ్మకం లేదు. రేపు పొద్దున్న ఆమె కూతురు ట్యూషన్‌కి వస్తుంది.