మా ఆవిడ వేళ్ళ కోసం చుట్టిన తీగ

బందరులో రోల్డ్ గోల్డ్ నగలు చేసుకునే నాకు అయస్కాంతాలతో ఏం పని అంటారా? మా ఆవిడ కుడిచేతి వేళ్ళ వల్ల వచ్చింది ఆ పని. నగల్లో రాళ్ళు పొదిగేది ఆవిడే. ఆ వానాకాలం వేళ్ళు కాస్త తిమ్మిరిగా ఉంటున్నాయంది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే రేపు, ఎల్లుండి అనేది. మోపిదేవి వెళ్ళి పుట్టలో పాలు పోసి వచ్చాం. తిమ్మిరి మాత్రం తగ్గలేదు.

ఒక మధ్యాహ్నం ఫోన్‌లో ఎవరో పెద్దమనిషి రాగి తీగ చుట్టలోకి ఉండుండి కరెంటు వదిలి చూపిస్తున్నాడు. వదిలినప్పుడల్లా చుట్ట అయస్కాంతమవుతుందట, ఆ దెబ్బకి మొద్దుబారిన నరాలు మేలుకుంటాయట. నిజమో అబద్ధమో నాకేం తెలుసు? రాగి తీగ అనగానే ప్రాణం లేచొచ్చింది. రాగి సంగతి నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

గుడివాడ వెళ్ళి పాత సామాన్ల కొట్లో కెపాసిటర్లు, ట్రాన్స్‌ఫార్మర్, మోటార్లకు చుట్టే తీగ కొనుక్కొచ్చాను. తీగ ముదురు ఎరుపులో మసిబారినట్టు ఉంది. మా ఇంట్లోకి ఏ రాగి వచ్చినా ముందు శుభ్రం కావాలి. మురికి మీద బంగారు పూత నిలవదు. అలవాటు కొద్దీ తీగని మంట మీద కాల్చి, యాసిడ్‌లో ముంచి ఆవిడకిచ్చాను. ఆవిడ చింతపండుతో తోమి తోమి తళతళలాడించింది.

వారమంతా వాన. సముద్రం మీంచి వచ్చే గాలికి కిటికీ రెక్క మెల్లగా ఊగుతూ ఉండేది. ఆవిడ తీగ వదులుతుంటే నేను చుట్టేవాణ్ణి. తీగ మీద వెలుతురు పాక్కుంటూ వచ్చి నా చేతిలోకి చేరుతుంటే కళ్ళు మూతలు పడేవి. పెళ్ళయిన కొత్తలో కూడా మేం అంతసేపు ఎదురెదురుగా కూర్చున్నట్టు గుర్తులేదు. ఆ మధ్యాహ్నాలు నిజంగా గడిచాయో, కలగన్నానో ఇప్పటికీ తేల్చుకోలేను.

చుట్ట మధ్య మేకు పెట్టి స్విచ్చి నొక్కితే అది ఎగరాలి. టప్పుమని నిప్పురవ్వ వచ్చింది గానీ మేకు కదిలితే ఒట్టు. కెపాసిటర్ మార్చాను. స్విచ్చి మార్చాను. అతుకులన్నీ ఊడదీసి మళ్ళీ అతికాను. తల ప్రాణం తోకకొచ్చింది. నాలుగో రోజు చుట్టని సంచిలో పడేసుకుని వీధి చివర మోటార్లు బాగుచేసే సాయిబుగారి దగ్గరికి వెళ్ళాను.

ఆయన తీగని గోటితో గీకి చూసి, "దీని పైపూత ఏదండీ?" అన్నారు.

మురికనుకుని కాల్చేశామన్నాను. ఆయన నవ్వలేదు, అదే పదివేలు. ఆ ఎర్రటి పూతే ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ మధ్య అడ్డుగోడట. అది లేకపోతే కరెంటు చుట్లన్నీ తిరక్కుండా అడ్డదారిన పోతుందట. ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది! రాగికి పూత వేసుకుని బతికేవాణ్ణి, ఉన్న పూతని పనిగట్టుకుని తగలేశాను.

కొత్త తీగ ఆయనే ఇచ్చారు. ఈసారి ఆవిడని తోమనివ్వలేదు. మేకు చటుక్కున ఎగిరి గోడకి తగిలింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పడీపడీ నవ్వాం.

ఆవిడ చాప మీద కూర్చుని చెయ్యి చాపింది. వేళ్ళ మీద చుట్ట ఆనించి స్విచ్చి నొక్కుతూ పోయాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. ఏమైనా తెలుస్తోందా అని అడిగితే, చీమలు పాకుతున్నట్టుంది అంది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. వాన చప్పుడు వింటూ, నొక్కుతూ, ఎంతసేపు అలా కూర్చున్నామో.

ఎందుకో తలెత్తి చూస్తే ఫ్యాను ఆగిపోయి ఉంది. కరెంటు ఎప్పుడు పోయిందో! స్విచ్చి చప్పుడు తప్ప చుట్టలో ఏమీ లేదు. మళ్ళీ నొక్కి, ఇప్పుడెలా ఉందని అడిగాను.

"ఇందాకటి కంటే బాగా తెలుస్తోందండీ," అంది కళ్ళు తెరవకుండానే.

కరెంటు లేదే అన్నాను. ఆవిడ కళ్ళు తెరిచి ఫ్యాను వంక చూసింది.

"వేళ్ళల్లో అసలేమీ తెలియడం లేదండీ. రాళ్ళు కూడా కళ్ళతో చూసుకుంటూ పెడుతున్నాను. మీరు అంత ఇదిగా చేస్తుంటే చెప్పబుద్ధి కాలేదు."

ఎప్పటినుంచి అన్నాను. ఎండాకాలం నుంచీ అంది.

నాకు ఏడుపొచ్చింది. రేపు పొద్దున్నే డాక్టరు దగ్గరికి అన్నాను. ఈసారి కాదనలేదు. ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పుకుని ఉంది. ఆ వేళ్ళు గట్టిగా పట్టుకున్నాను. పట్టుకున్నట్టు ఆవిడకి తెలియాలంటే ఇటు తిరిగి చూడాలి. చూసేదాకా వదల్లేదు.