సబ్బుతో కడిగిన మేకపిల్ల

మా అత్తమ్మ పోయి ఇవాళ్టికి పన్నెండు రోజులు. ఆ రోజు నేను వికారాబాద్‌లో ఒక ఆఫీసు ముందు లైన్లో నిలబడి ఉన్నాను. మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ లేదే" అన్నాడు. పొద్దున్నే నన్ను బస్టాపు దాకా సాగనంపిన మనిషి, మధ్యాహ్నం నేను తిరిగొచ్చి బస్సు దిగేసరికి లేదు.

ఆమె గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చుంటే ఏడుపు వస్తోంది, కాదనను. కానీ ఆ ఏడుపును పక్కకు తోసి ఒక హుషారు ముందుకొస్తోంది. ఆమె ఉన్న చోట ఎవరూ ఎక్కువసేపు మూతి ముడుచుకుని ఉండలేకపోయేవారు. పోయాక కూడా అదే వరస.

దౌల్తాబాద్ దగ్గర మా ఊరు. తరతరాలుగా మందల మీద బతికిన ఇల్లు, ఇప్పుడు కొన్ని మేకలు, కాస్త కంది చేను. అత్తమ్మ అన్నం కూడా నిలబడే తినేది. ఏ మేకైనా చేలో పడితే దాన్ని తిట్టేది కాదు, దాని తల్లిని తిట్టేది. "నీ అవ్వ గూడ గింతే, కంచె దునుకుడే పని" అని మేకకు దాని వంశ చరిత్ర చెప్పేది. "మంద కాడ తొందర వద్దు, పిల్ల కాడ ఆలస్యం వద్దు" అనేది తరచూ. తొందర పడకపోవడం మాత్రం ఆమెలో నేను ఎన్నడూ చూడలేదు.

ఈ మధ్యే ఒకసారి చంకలో మేకపిల్లతో తాండూరు పశువుల దవాఖానకు బస్సెక్కింది. పక్కన నేను.

"అవ్వా, గా పిల్లకు టికెట్ తీస్కో" అన్నాడు కండక్టర్.

"ఆడోళ్లకు ఫ్రీ గద కొడుకా. ఇది గూడ ఆడిదే."

"అయితే ఆధార్ కార్డు సూపియ్యుమను."

"మొన్ననే పుట్టింది, ఇంక తియ్యలె."

బస్సంతా ఒకటే నవ్వు. కండక్టర్ తల కొట్టుకుంటూ ముందుకు పోయాడు. నేను సిగ్గుతో కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను, నవ్వు మాత్రం ఆగలేదు.

అసలు చెప్పాల్సింది వేరే మేకపిల్ల సంగతి. ఆరేళ్ల కిందట, నా పెళ్లయిన మూడో నెలలో పుట్టిన పిల్ల.

నేను తాండూరులో పుట్టి పెరిగాను. మా నాన్న రాళ్ల పాలిషింగ్ యూనిట్లో పని చేసేవాడు. మా వాడలో ఎక్కడ చూసినా రాతి దుమ్ము. గిన్నె ముట్టినా, చెంబు ముట్టినా, ముందు కడగాలి. కడగకుండా దేన్నీ ఇంట్లోకి తేకూడదని మా అమ్మ పెంపకం. ఆ అలవాటుతోనే అత్తగారింటికి వచ్చాను.

ఇక్కడేమో వేరే పట్టింపు. కొత్త కోడలు మొదటిసారి ముట్టిన పిల్ల బతికి బట్టకడితే, ఆమె చెయ్యి మందకు అచ్చొచ్చినట్టు. చచ్చిందా, ఇక ఆమెను మేకల కొట్టంలోకి రానివ్వరు. మా ఊళ్లో అలా గుమ్మం బయటే ఆగిపోయిన ఒక ముసలావిడను నాకు దూరం నుంచి చూపించారు కూడా.

ఆ పొద్దున మా ఆయన కంది బస్తాలతో తాండూరు మార్కెట్‌కు పోయాడు. అత్తమ్మ మేకలను తోలుకుని ఊరి పక్కకే వెళ్లింది. ఇంటి దగ్గర ఒక తొలిచూలు మేక ఉంది. నేను చూస్తుండగానే రెండు పిల్లలను వేసింది. మొదటిది ఠపీమని లేచి నిలబడింది. రెండోది పిల్లి కూనంత ఉంది, ఒళ్లంతా జిగురు, వణుకు. నాకు ప్రాణం ఉసూరుమంది. వెంటనే వేణ్ణీళ్లు తెచ్చి, ఒంటి సబ్బు పెట్టి, తలంటు పోసినంత పని చేసి, తువ్వాలతో తుడిచి తల్లి ముందు పెట్టాను. ఎంత ముద్దుగా ఉందో అని మురిసిపోయాను కూడా!

తల్లి ఒకసారి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. కొమ్ములతో ఒక్క కుమ్ము కుమ్మింది. పిల్ల గోడ దగ్గర పడింది. మళ్లీ దగ్గర పెట్టాను, మళ్లీ కుమ్మింది. ఆ తర్వాత పిల్ల అరవడం కూడా మానేసింది. నాకు ఆ గుమ్మం బయటి ముసలావిడ కళ్ల ముందు కనిపించింది. పరుగెత్తుకుంటూ పోయి అత్తమ్మను పిలుచుకొచ్చాను.

ఆమె కొట్టంలోకి రాగానే ముక్కు ఎగబీల్చింది. "ఏందే, అత్తరు వాసనొస్తుంది?"

"కడిగిన అత్తమ్మా... సబ్బుతోని."

దెబ్బలు పడతాయనుకున్నాను. ఆమె పిల్లను చూసింది, నన్ను చూసింది. "పౌడర్ గూడ కొట్టకపోయినవ్! మేక బిడ్డను ముక్కుతోని గుర్తువడ్తది. నువ్వు దాని వాసన కడిగేసినవ్."

"సచ్చిపోతదా అత్తమ్మా?"

"ఫికర్ జెయ్యకు. దాని నోట్లె వేలు వెట్టి సూడు."

పెట్టాను. "సల్లగుంది."

"సల్లటి నోట్లె పాలు వొయ్యద్దు, అరగయి. ముందుగాల వెచ్చజెయ్యి."

"నువ్వు పట్టుకో అత్తమ్మా, నా చేతులు ఒణుకుతున్నయ్."

"ఒణకనీ. ఒణికే చేతులతోనే జెయ్యి" అని తన రెండు చేతులూ వెనక కట్టుకుని నిలబడింది. ఆమెకు అది చిటికెలో పని. నాకు లోపల కోపం కూడా వచ్చింది.

గోనెసంచితో పిల్ల ఒళ్లు రుద్దాను. గొంగడిలో చుట్టి, పొట్టకు అదుముకుని పొయ్యి దగ్గర కూర్చున్నాను. పావుగంటకోసారి నోట్లో వేలు. చల్లగా. ఇంకా చల్లగా. తర్వాత... వెచ్చగా! "అత్తమ్మా, కాలుతుంది!" అన్నాను. "కాలదే, ఎచ్చవడ్డది. ముర్రుపాలు విండుకరా, జల్ది!"

పసుపు పచ్చటి చిక్కటి తొలి పాలు గ్లాసులోకి పిండాను. "దాని తల మీదికి ఎత్తకు, పాలు ఊపిరిల వోతయ్" అని ఆమె హెచ్చరిక. పాలలో వేలు ముంచి నోట్లో పెట్టాను. ఏమీ లేదు. మళ్లీ ముంచాను. ఉన్నట్టుండి ఆ చిన్న నాలుక నా వేలిని చుట్టి గట్టిగా లాగింది! నేను వేసిన కేకకు తల్లి మేక ఉలిక్కిపడి గోడెక్కబోయింది.

ఇక తల్లి ఒప్పుకోవాలి. తల్లికి ఇంకా మాయ పడలేదు, తోక కింద తడి జారుతోంది. "గా తడి తీసి పిల్లకు పుయ్యి" అంది అత్తమ్మ. దుమ్ము అంటిన చెంబును కూడా ముట్టని నేను, ఆ జిగురును దోసిట్లో పట్టి పిల్లకు తల నుంచి తోక దాకా పూశాను. నా చీరకూ, మొహానికీ అంటింది. తల్లి ముందు పెట్టాను.

వాసన చూసింది. తల పైకెత్తింది. అయిపోయిందనుకున్నాను. నాలుక బయటకొచ్చింది. ఒకసారి నాకింది. ఇంకోసారి. ఇక ఆగలేదు, మూలుగుతూ ఒకటే నాకడం! పిల్ల లేచింది, బొక్కబోర్లా పడింది, మళ్లీ లేచి తల్లి ముందరి మోకాలు చప్పరించింది.

"గా దిక్కు గాదే పిచ్చిదానా, ఎనుకకు పో!" అత్తమ్మ కబడ్డీ చూస్తున్నట్టు గంతులు వేస్తోంది. కాళ్లు ఆడుతున్నాయి, నోరు ఆడుతోంది, చేతులు మాత్రం వెనకే.

పిల్ల పొదుగు కింద దూరింది. "నోరు సూడకు, తోక సూడు. తోకాడితె పాలు దిగుతున్నట్టు."

తోక ఆడింది! నేను ఎగిరి అత్తమ్మను వాటేసుకున్నాను. "నన్నెందుకే గబ్బు జేస్తవ్! పో, నువ్వు వోయి కడుక్కో సబ్బుతోని" అని తోసేసింది.

ఆ తర్వాత ఊళ్లో ఎవరింట్లో నీరసమైన పిల్ల పుట్టినా నా దగ్గరికి తేవడం మొదలుపెట్టారు. "నీ చెయ్యి మంచిది" అనేవారు. నాకేమో అంత పేరు ఎలా వచ్చిందో అర్థమయ్యేది కాదు.

నిన్న దినాల రోజు, లోపలి గదిలో ఆడవాళ్లమంతా కూర్చుని ఉంటే పక్కింటి పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ అంది, "మీ అత్త కనవడ్డోల్లందరికి జెప్పేది బిడ్డా. గా పిల్లను నా కోడలే బతికిచ్చింది, నేను చెయ్యి గూడ వెట్టలె, మైసమ్మ తల్లి మీద ఒట్టు అని."

అప్పుడు వెలిగింది నాకు. మా అత్తమ్మ దేవుడి మీద అబద్ధపు ఒట్టు వేసే మనిషి కాదు. ఆ మాట నిజం కావాలనే ఆ రోజంతా ఆమె పిల్లను ముట్టలేదు.

నేను ఇక ఆగలేకపోయాను. సబ్బు సంగతి మొత్తం చెప్పేశాను. "సబ్బుతోనా!" అంది పెద్దమ్మ. ముందు ఒకావిడ కొంగు నోట్లో కుక్కుకుంది, తర్వాత ఇంకొకావిడ, ఆఖరికి గదంతా పగలబడి నవ్వింది. చావింట్లో ఆ నవ్వులేమిటని మగవాళ్లు బయటి నుంచి తొంగి చూశారు. మా ఆయన గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. మొత్తం విన్నట్టున్నాడు.

"గా సబ్బు ముచ్చట గిన్నేండ్లు నాకు గూడ జెప్పలె మా అమ్మ" అన్నాడు.

పొద్దున్నే గొరిగిన గుండు మీద ఒక చెయ్యి పెట్టుకుని, గుమ్మానికి ఆనుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వుతున్నాడు. కళ్ల నుంచి కారిన నీళ్లు గడ్డం మీదుగా చొక్కా మీద పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు.