స్టిక్కర్లు గీకిన రూటర్లు

2008లో భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో నన్ను సిస్టమ్స్ ఇన్‌చార్జిగా నియమించారు. హోదా వినడానికి బాగానే ఉంటుంది గాని, అధ్యాపకుల లెక్కలో మేం రాం, గుమాస్తాల లెక్కలోనూ రాం. కంప్యూటర్లు, కేబుళ్లు, అవి ఆగినప్పుడు పడే తిట్లు మా శాఖ కింద ఉండేవి. నా కింద ఒకే ఒక్క ల్యాబ్ టెక్నీషియన్, సువార్త గారు. ఏటేటా పొడిగించే తాత్కాలిక ఉద్యోగం ఆమెది.

ఆ వానాకాలం పిడుగుపాటుకు ల్యాబ్ రూటర్ కాలిపోయింది. బయటినుంచి వచ్చే ఒక్క ఇంటర్నెట్ లైనును కంప్యూటర్లన్నిటికీ పంచే పెట్టె అది. సరిగ్గా అప్పుడే ఒక కంపెనీ మా ల్యాబ్‌లో ఆన్‌లైన్ నియామక పరీక్ష పెడతానంది. ప్రిన్సిపాల్ గారు మా ఇద్దరినీ పిలిచి తేల్చి చెప్పారు. పరీక్ష సాఫీగా జరిగితే సువార్త గారిని పర్మనెంట్ చెయ్యమని సిఫారసు చేస్తారు. జరక్కపోతే ల్యాబ్ బయటి కాంట్రాక్టరుకు పోతుంది, అతను తన మనుషుల్ని తెచ్చుకుంటాడు.

కొత్త రూటర్‌కు కొటేషన్లు కావాలి, కరస్పాండెంట్ గారి సంతకం కావాలి. అవి వచ్చేసరికి పరీక్ష అయిపోతుంది. చిల్లర ఖర్చు కింద నేను కొనగలిగింది పాత సామానే. ఇంటర్నెట్ కంపెనీలు చందాదారులకిచ్చే రూటర్లు కొన్నాళ్లకు పాత సామాన్ల కొట్లకు చేరతాయి. వాటిని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. కంపెనీ వేసిన ఫర్మ్‌వేర్ ఆ కంపెనీ లైనుతో తప్ప పనిచెయ్యదు. దాన్ని తీసేసి, ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి ఉచితంగా పెట్టిన ఓపెన్‌సోర్స్ ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే అదే పెట్టె మన మాట వింటుంది. పరీక్ష రాసే కంప్యూటర్లకు ముందు దారి ఇమ్మంటే ఇస్తుంది. అయితే ఒకే మోడల్‌లో చిప్పులు మార్చి వేరువేరు వెర్షన్లు వస్తాయి. ఏ వెర్షన్‌కు ఆ ఫైలే ఎక్కించాలి. వెర్షన్ అంకె పెట్టె అడుగున స్టిక్కరు మీద ఉంటుంది.

ఇదంతా తెలిసే సత్తిబాబు అనే ఆయన పాత సామాన్ల కొట్టుకు వెళ్లాను. నాక్కావలసిన మోడల్ గుట్టగా పోసి ఉంది. అయినా అంకె చదవలేదు. పెనుగొండలో మా నాన్నగారిది బట్టల కొట్టు. చీర నచ్చినావిడే ముందుగా అంచుకు వంక పెడుతుందని ఊహ తెలిసినప్పటినుంచీ చూస్తున్నవాణ్ణి. అడుగున వంగి చదివితే అవసరం బయటపడుతుంది, ఇక ధర దిగదు. అందుకని రెండు పెట్టెల్ని వేలికొసలతో ఎత్తి మొహం చిట్లించాను.

"ఏంటండి ఈ స్టిక్కర్లు? పైనా కిందా ఎలక్షన్ల గోడలా ఉంది. కాలేజీలో పెడితే ఎవరింట్లో ఎత్తుకొచ్చారని అడగరూ?"

"స్టిక్కర్లతో మీకు పనేంటండి? లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసుకోండి."

"లైట్లు తీర్థంలో రంగులరాట్నానికీ వెలుగుతాయండి."

ధర దిగింది. అంతటితో ఊరుకోకుండా, పెట్టె విప్పకుండా తెస్తే వాపసు తీసుకోవాలన్న షరతుకు కూడా ఒప్పించాను. "మీకన్నా కరెంటాఫీసోళ్లు నయమండి బాబూ! రేపు రండి, పెళ్లికొడుకుల్లా ముస్తాబు చేసి ఇచ్చేస్తాను," అన్నాడు. మాటవరసకు అన్నాడనుకున్నాను.

మర్నాడు రెండు పెట్టెలూ తళతళలాడుతూ చేతికొచ్చాయి. ల్యాబ్‌లో సువార్త గారు ఒకదాన్ని తిరగేసి చూశారు.

"సర్, వెర్షన్ నంబరేదండి?"

అడుగు నున్నగా ఉంది. రూటర్ కంప్యూటర్ తెరపై చూపించే పేజీలో మోడల్ పేరు తప్ప ఏమీ లేదు. విప్పి చిప్పు చూద్దామన్నారామె. విప్పితే వాపసు షరతు పోతుందని నేను వద్దన్నాను.

"వాపసిచ్చేస్తే మనకి రూటరెక్కడిదండి?"

ఆమె అన్నది నిజమే. కానీ సాధించుకున్న షరతును వదులుకోవడం నా చేత కాలేదు. ఎక్కువగా అమ్ముడయింది రెండో వెర్షనని ఎక్కడో చదివిన గుర్తు. ఒకదానికి ఆ ఫైలే ఎక్కించమన్నాను. కేబులుతో కలిపి, ఫైలు పంపి, లైట్లు కుదుటపడేదాకా ముట్టుకోకుండా కూర్చోవాలి. కూర్చున్నాం. పవర్ లైటొక్కటే మిగిలింది. రీసెట్ మీట నొక్కినా మరొకటి వెలగలేదు. మా పనిలో దీన్ని ఇటుక కావడమంటారు.

అప్పుడు విప్పాం, రెండూ. రెండూ మూడో వెర్షనే. ఆ చిప్పుకు ఎవరూ ఇంకా ఫర్మ్‌వేర్ రాయలేదు.

తెల్లారితే పరీక్ష. గుట్టలో రెండో వెర్షన్ ఏదైనా ఉందేమోనని సత్తిబాబు దగ్గరికి పరుగెత్తాను. కొట్టులో గుట్టే లేదు.

"మీరన్నది నిజమే కదాని మొత్తం గీకేశానండి. ఆ మెరుపు చూసి రాజమండ్రి ఆయన అన్నీ పట్టుకుపోయాడు. మీ చలవేనండి!" అని కుర్చీ వేశాడు. విప్పిన పెట్టెల సంగతి ఎత్తితే, షరతు నాకే గుర్తుచేశాడు.

సువార్త గారు ఒక పాత కంప్యూటరుకు రెండో నెట్‌వర్క్ కార్డు బిగించి, లైను పంచే పని దానికి అప్పజెప్పారు. పరీక్ష సగందాకా అది మోసింది. తర్వాత బిగుసుకుపోయింది. దాన్ని మళ్లీ లేపేసరికి పరీక్ష సమయం అయిపోయింది. కంపెనీవాళ్లు టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

తప్పు నాదని ప్రిన్సిపాల్ గారితో చెప్పాను. "మీరు పర్మనెంటండి. మిమ్మల్నేం చెయ్యమంటారు?" అన్నారాయన. నెల తిరక్కుండా కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. ల్యాబ్ తాళాలు అప్పగిస్తూ సువార్త గారు, "ఈసారి బేరానికి వెళ్తే ఎవరినన్నా తోడు తీసుకెళ్లండి సర్. మీరు బేరమాడుతుంటే వాళ్లు అడుగున చదువుతారు," అన్నారు. తర్వాత ఒక రొయ్యల మేత కంపెనీలో బిల్లులు కొడుతున్నారని విన్నాను. కంప్యూటర్ల పనికి మళ్లీ రాలేదు.

పాత రూటర్‌కు ఫర్మ్‌వేర్ మార్చేవాళ్లు కొనేముందే అడుగున చదవాలి. చదవడానికేమీ లేకపోతే విప్పాలి. విప్పడానికి మనసొప్పకపోతే ఆ పని మొదలుపెట్టకూడదు. బేరం సంగతికొస్తే, మా నాన్నగారి కొట్టులో చీరకు వంక పెట్టినంత మాత్రాన అంచు కత్తిరించి ఇచ్చినవాళ్లెవరూ లేరు. వంక పెట్టేవాళ్లూ నమ్మేవారు కారు, వినేవాళ్లూ నమ్మేవారు కారు. సత్తిబాబు కొట్టు పెట్టకముందు టీవీ మెకానిక్. మెకానిక్‌కు లోపం చెబితే సరిచేస్తాడు.