టేపు అవతలి కొస

ముందే చెప్తున్నాను, దయ్యాలను నమ్మే మనిషిని కాను నేను. గల్ఫ్‌లో మేముండే క్యాంపులో ఎవరైనా రాత్రి భోజనాల దగ్గర అలాంటి కబుర్లు ఎత్తుకుంటే, “ఉండు, టేపు తెస్తా, దయ్యం ఎంత పొడుగుందో చూద్దాం” అని నేనే ముందు నవ్వేవాణ్ని. కొలతకు అందనిది లేనే లేదని నా ధీమా. బహ్రెయిన్‌లోని రిఫాలో ఒక మధ్యాహ్నం జరిగింది మాత్రం ఇన్నేళ్లయినా మింగుడు పడటం లేదు.

తొంభైలలో మాట. జగిత్యాల నుంచి బహ్రెయిన్ వెళ్లి, ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఇళ్లకు విలువ కట్టే చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ని. ఇంజనీరు రిపోర్టు రాస్తాడు. ఇంటింటికీ వెళ్లి కొలతలు తెచ్చేది నేనూ, నిజామాబాద్ యూసుఫ్ భాయీ. ఒకరు టేపు కొస తీసుకెళ్లి అవతలి గోడకు ఆనించి “పట్టిన” అని కేక వేస్తారు. అది వినబడ్డాకే రెండోవాడు అంకె చదవాలి. నాలుగేళ్లలో రోజుకు ఎన్నిసార్లు ఆ మాట విన్నానో లెక్కలేదు.

రిఫాలోని ఆ ఇల్లు ఒక అరబ్బు ముసలామెది. హజ్ యాత్ర చేసొచ్చిందని అందరూ హజ్జా అనేవారు. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆ ఏడు ఆమె ఇంటిపన్ను ఒక్కసారిగా పెరిగింది. మునిసిపాలిటీ నుంచి చూడటానికొచ్చిన ఉద్యోగి, వాకిట్లో గేటు పక్కనున్న గదిలో ఒక ముసలాయన ఉంటున్నాడనీ, ఇంట్లో కొంత భాగం అద్దెకిచ్చారనీ రాసుకుపోయాడట. హజ్జా మాత్రం ఆ గదిలో ఎవరూ లేరని మొత్తుకుంటోంది. అప్పీలుకు మా ఆఫీసు రిపోర్టు జతచేయాలి. పన్ను తగ్గకపోతే ఇల్లు అమ్ముకుని తమ్ముడి ఇంట్లో ఓ మూల పడి ఉండాలి. ఆ మాట చెబుతూ ఆమె తలుపు చెక్కను చేత్తో నిమురుతూ ఉంది.

యూసుఫ్ భాయ్‌కి ఆ రోజు జ్వరం. ఒక్కణ్నే వెళ్లాను. పెద్ద గదులు ఎలాగో అయ్యాయి. గోడ మూలన రాయి పెట్టి దానికి టేపు కొక్కెం తగిలించి తిప్పలు పడ్డాను. చివరికి గేటు పక్క గది మిగిలింది. తలుపు తెరిచే ఉంది. కిటికీకి అట్ట కొట్టి ఉంది, లోపల చీకటి. బయట మండే ఎండలోంచి వచ్చిన కళ్లకు ఏమీ కనబడలేదు. గడప దగ్గరే కూర్చుని, ఎంతవరకు పోతే అంతవరకు అని టేపు లోపలికి తోశాను.

అవతల ఎవరో అందుకున్నారు. టేపు బిగిసింది.

“పట్టిన బిడ్డా, సూడు” అని వినబడింది. పెద్ద వయసు గొంతు, అచ్చం మా వైపు యాస.

ఇంట్లో వంటమనిషో తోటమాలో పడుకున్నాడనుకున్నాను. గుమ్మంలోంచి పడిన కాస్త వెలుతురులో గళ్ల లుంగీ అంచు, టేపు మీద నొక్కి పెట్టిన బొటనవేలు కనిపించాయి. మూడు మీటర్ల అరవై నాలుగు. రాసుకున్నాను. “అయింది కాకా” అంటే టేపు వదిలాడు, సర్రున నా చేతిలోకి వచ్చింది. భయం వేయలేదు. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. బిడ్డా అని నన్ను ఎవరైనా పిలిచి నాలుగేళ్లయింది. కానీ ఇంకో ఇల్లు చూడాల్సి ఉంది, తొందర. టేపు చుట్టుకుని లేచాను.

ఫారంలో ఆ గది వరుసకు ఎదురుగా “ఒకరు ఉంటున్నారు” అని రాసి, సంతకం కోసం లోపలికి వెళ్లాను. హజ్జా దగ్గర పనిచేసే సత్యవతిది గోదావరి జిల్లా. వచ్చి ఏడాది. నీళ్లు తెచ్చి ఇచ్చింది. గేటు దగ్గరి పెద్దాయనది ఏ ఊరని ఆమెనే అడిగాను.

“ఏ పెద్దాయనండీ? ఆ గదిలో ఎవరూ ఉండరండీ బాబూ. మీరొస్తారని పొద్దున్న తాళం తీసింది నేనే కదండీ” అంది.

ఆ మాటలు అర్థం కాకపోయినా మా మొహాలు చూసి హజ్జా లేచి వచ్చింది. ఆమెకు కాస్త హిందీ అర్థమవుతుంది, నేను వచ్చీరాని హిందీలో చెప్పాను. ఆమె కేకలు వేయలేదు. మెల్లగా కూర్చుంది. ఆ గదిలో మల్లా అనే డ్రైవర్ ఇరవై ఏళ్లు ఉన్నాడని, మూడేళ్ల కింద నిద్రలోనే పోయాడని చెప్పింది. మీ వైపు వాడే అంది. ఊరి పేరు ఆమెకు తెలియదు. శవాన్ని పంపే పనంతా భర్తే చూశాడు, కాగితాలు శవంతో పాటే పోయాయి, తర్వాత భర్తా పోయాడు. మల్లా సామాన్ కోసం అతనివాళ్లు ఎవరైనా వస్తారని ఆ గది అలాగే ఉంచింది. ఎవరూ రాలేదు.

మర్నాడు యూసుఫ్ భాయ్‌ని వెంటబెట్టుకుని టార్చి పట్టుకుని వెళ్లాను. నా కళ్లు మోసపోయాయని తేలితే చాలనుకున్నాను. లోపల ఎదురు గోడ కనబడనే లేదు. ఈ మూల నుంచి ఆ మూల దాకా ఒక ఇనప బీరువా, దాని పక్కన పైదాకా పేర్చిన పెట్టెలు. బీరువాను నేలకు ఆనించేశారు, కింద వేలు దూరే సందు లేదు. గుమ్మం నుంచి బీరువా వరకు కొలిస్తే మూడు మీటర్ల పన్నెండు.

“గోడ ఈడ కనపడ్తనే లేదు. నిన్న ఒక్కనివి ఎట్ల కొలిచినవ్ భాయ్?” అన్నాడు యూసుఫ్ భాయ్.

ఇద్దరం చెమటలు కక్కుతూ బీరువా జరిపాం. వెనక దుమ్ము మందంగా ఉంది, ఎవరూ ముట్టిన గుర్తు లేదు. యూసుఫ్ భాయ్ కొసను గోడకు ఆనించి “పట్టిన” అన్నాడు. మూడు మీటర్ల అరవై నాలుగు. ఆయన మళ్లీ ఆ గదిలో అడుగు పెట్టలేదు.

పాత ఫారం చింపేశాను. కొత్తదాంట్లో “గది ఖాళీ, ఎవరూ ఉండటం లేదు” అని రాశాను. తప్పు రాశానని ఎవరైనా అంటారా? అయినా ఆ నాలుగు మాటలు రాయడానికి చెయ్యి ఆడలేదు.

హజ్జా వేలిముద్ర వేసి, నా చొక్కా చెయ్యి పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు. ఎవరూ లేరని రాసినందుకు మల్లా నొచ్చుకుంటాడేమో, తనకు అతని భాష రాదు, నన్ను వెళ్లి నచ్చజెప్పమంది. ఏ మతం పెద్దలు విన్నా ఆమెను తిట్టేవారే. నేను కాదనలేకపోయాను.

గడప దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాను. పట్టపగలు ఖాళీ గదితో మాట్లాడటం సిగ్గుగానే ఉంది. “కాకా, గదిల ఎవ్వరు లేరని రాసిన. హజ్జా ఇల్లు నిలవాల్నని రాసిన. మనసుల పెట్టుకోకే” అన్నాను. టేపు బయటకు తీసి నిన్నటిలాగే లోపలికి తోశాను. బీరువా జరిపి ఉంది కాబట్టి గోడ దాకా వెళ్లి తగిలి ఆగింది. ఎవరూ అందుకోలేదు.

అప్పీలు నెగ్గింది. హజ్జా బతికినన్నాళ్లూ ఆ ఇంట్లోనే ఉందని తర్వాత సత్యవతి ద్వారా తెలిసింది.

గోడ కనబడని గదిలో ఆ కొలత ఎలా వచ్చిందో ఇప్పటికీ నేను చెప్పలేను. ఆ కొలతల పుస్తకం దాచుకున్నాను, అంకె నా చేతిరాతే. కానీ నన్ను తినేసేది అది కాదు. పరాయి దేశంలో మనవాడు కనబడితే ఎవరైనా మొదట అడిగేది ఊరు పేరే. ఆ మొదటి రోజు నేను అది కూడా అడగలేదు. అడిగి ఉంటే, సెలవుకు ఇంటికొచ్చినప్పుడు బస్సెక్కి ఆ ఊరు వెళ్లేవాణ్ని, ఆ బీరువాలో ఉన్న సామాన్ వాళ్లకు చేర్చేవాణ్ని. ఆ రెండో రోజు టేపు చుట్టుకున్నాక గడప మీదే కాసేపు కూర్చుని అడిగాను.

“ఏ ఊరు కాకా మీది?”

సత్యవతి తాళం వేయడానికి వచ్చేదాకా అక్కడే కూర్చున్నాను.