పిల్లల్ని చూసుకునే అర్హత

నేను బడికి వెళ్లలేదు, మా నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. అందుకే కెనడాలో, మిల్టన్‌లోని మా ఇంట్లో పసిపిల్లల్ని చూసుకోవడానికి అనుమతి కోసం అప్లై చేసినప్పుడు ఫస్ట్ ఎయిడ్ పరీక్ష అంటే గుండెల్లో రాయి పడింది. మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న నల్గొండ అమ్మాయి, కాలేజీ స్టూడెంట్ స్రవంతి, దిండునే పసిబిడ్డను చేసి నాకు అన్నీ నేర్పింది. దేవుడే పంపాడనుకున్నాను. పాసయ్యాను.

అయితే ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరికీ నేరాలేవీ లేవని పోలీస్ సర్టిఫికెట్ ఉండాలట. స్రవంతిది ఇంకా రాలేదు. తనిఖీకి వచ్చినావిడ ఆమెను చూసి, "ఈ అమ్మాయి ఇక్కడే ఉంటుందా?" అని అడిగింది.

పొద్దున నేను వెలిగించిన దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. "లేదండీ, ఊరికే చూసిపోదామని వచ్చింది" అన్నాను.

స్రవంతి ఒక్క క్షణం నన్ను చూసింది. "టీ బాగుందాంటీ, వస్తా" అని నవ్వుతూ కోటు వేసుకుని మంచులోకి వెళ్లిపోయింది.

అనుమతి ఖాయమైంది. "ఇకపై చెప్పకుండా కూడా వస్తాం" అని ఆవిడ వెళ్లింది.

"ఆ పిల్ల మళ్లీ కనబడితే కొంప మునుగుతుంది" అన్నారు మావారు. సాయంత్రం స్రవంతి సూట్‌కేసు గుమ్మం బయట పెట్టింది నేనే.

"ఎగ్జామ్స్ అయ్యేదాకా ఉండనియ్యండాంటీ. ఇంతమంది స్టూడెంట్స్ వచ్చిండ్రు, రూములు యాడా దొరుకుతలేవు."

"నా పరిస్థితి అర్థం చేసుకోమ్మా."

"అర్థమైందాంటీ. పిల్లల్ని మంచిగ చూస్కుంటరు మీరు" అంది.

ఇప్పుడు ఇల్లంతా పిల్లల సందడే. రోజూ దేవుడి ముందు కూర్చుని, మేలు చేసినవాళ్లందరినీ పేరుపేరునా తలుచుకుంటాను. స్రవంతి పేరు దగ్గరికి వచ్చేసరికి ఆపేసి, దీపంలో నూనె పోస్తాను.