ఇత్తడి మూత చేసిన మేస్త్రి

మా ఆయన ఇటలీ నుంచి తిరిగొచ్చినప్పుడు ట్రంకుపెట్టెలో సగం ఒక్క వస్తువే ఆక్రమించింది. దాని చుట్టూ ఒక ఉన్ని శాలువా చుట్టి ఉంది. శాలువా నాకు బహుమతి అన్నారు. ఆ వస్తువుకి దెబ్బ తగలకుండా కొన్నదని విప్పుతుండగానే నాకు తెలిసిపోయింది. అంచుల నిండా నూనె మరకలు.

ఆ వస్తువు ఎస్ప్రెస్సో మెషిన్. ఇంట్లో వాడుకునే చిన్నది. గుండ్రటి ఇనప పీట మీద నిలువుగా ఒక బాయిలర్, పక్కన పొడుగాటి పిడి. బాయిలర్‌లో నీళ్ళు పోసి, పైన మూత బిగించి, కరెంటు పెడితే పావుగంటలో ఆవిరి కడుతుంది. గరిటెలాంటి జల్లెడలో కాఫీ పొడి అదిమి, కింద తగిలించి, పిడి లాగితే చిక్కటి కాఫీ చిన్న కప్పులోకి దిగాలి. మా ఇంట్లో మొదటి నెలంతా దిగలేదు.

పంతొమ్మిది వందల అరవైల చివరి సంవత్సరాలవి. మేము తార్నాకలో అద్దెకుండేవాళ్ళం. ఆయన యూనివర్సిటీలో ఫిజిక్స్ లెక్చరర్. ఏడాది పరిశోధనకని వెళ్ళొచ్చారు. నేను గుంటూరులో బి.ఎస్సీ. చదివి, పెళ్ళయి వచ్చినదాన్ని. మా రెండిళ్ళలోనూ నాన్నలు బడిపంతుళ్ళు. ఆదివారం చర్చి, సోమవారం బడి, అంతకుమించి ఎరగని కుటుంబాలు. అలాంటి మా ఇంటి భోజనాల బల్ల మీద ఆ మెషిన్ పెట్టి, ఆయన ఆదివారం ఆదివారం స్నేహితులను పిలవడం మొదలుపెట్టారు.

మొదటిసారి ఫిల్టర్ కాఫీ పొడి వేశాం. పిడి లాగగానే పలచటి గోధుమరంగు నీళ్ళు బుడుంగున దిగిపోయాయి. రెండోసారి బాగా మెత్తగా పట్టించిన పొడి వేస్తే పిడి కదల్లేదు, చుక్క రాలేదు. "అక్కడ బాగానే వచ్చేదే" అని ఆయన నా వంక చూశారు, నేనేదో చేసినట్టు. అతిథులు నవ్వారు. నేను లోపలికెళ్ళి మామూలు కాఫీ కలిపి తెచ్చాను.

మర్నాటి నుంచి ఆ మెషిన్ బాధ్యత నాదైంది. ఎవరూ అప్పగించలేదు. ఆయన యూనివర్సిటీకి వెళ్ళాక ఇంట్లో మిగిలేది అదీ నేనూ. కాచిగూడలో గింజలు వేయించి పట్టి ఇచ్చే కొట్టుకు వెళ్ళి చికోరీ లేని పొడి అడిగాను. మరలోని రాళ్ళు కొంచెం దగ్గరికి జరపమని ఒకసారి, దూరం జరపమని ఒకసారి, వారంలో నాలుగు రకాలుగా పట్టించుకొచ్చాను. చివరికి వేళ్ళ మధ్య నలిపితే బొంబాయి రవ్వకంటే మెత్తగా, మైదాకంటే గరుకుగా తగిలే పొడి కుదిరింది. ఆ రోజు పదకొండు గంటలకు, ఒక్కదాన్నే ఉన్నప్పుడు, ఎర్రటి నురగతో ఎలకతోకంత సన్నగా కాఫీ దిగింది. నిలబడే తాగాను. చేదుగా, గొప్పగా ఉంది. సాయంత్రం ఆయనకు చేసిచ్చాను. "చూశావా, మెషిన్ మంచిదే. నీకే చేతకాలేదు" అన్నారు.

తరవాత ఇంకో చిక్కొచ్చింది. పిడి పట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. తార్నాకలో మా ఇంటి గోడకున్నవన్నీ రెండు బొక్కల ప్లగ్గులే. ఎర్త్ అన్న మాటే లేదు. రబ్బరు చెప్పులు వేసుకుని వాడేదాన్ని. ఆ పైన నీళ్ళు. మాకు బావి నీళ్ళే గతి. మూడు నెలలకే బాయిలర్ లోపల తెల్లటి సున్నపు పెచ్చు కట్టి, ఆవిరి రావడానికి అరగంట పట్టసాగింది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు రెండుసార్లు మరిగించి పారబోస్తే పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. ఇవన్నీ నేను చదువుకున్న కెమిస్ట్రీయే. పరీక్ష రాసిన తరవాత దాంతో నాకు మళ్ళీ పని పడింది అప్పుడే.

చలికాలంలో ఒక ఆదివారం ఆయన తమ శాఖాధిపతిని, ఆయన భార్యను కాఫీకి పిలిచారు. లెక్చరర్‌కి పై మెట్టయిన రీడర్ పోస్టు ఖాళీ అవుతుందన్న మాట అప్పుడే వినిపిస్తోంది. ఆవిరి కట్టాక బాయిలర్ మూత పక్కనుంచి సన్నగా బుస్సుమని శబ్దం వచ్చింది. మూత లోపలి రబ్బరు రింగు గట్టిపడిందని నాకు తెలుసు. "కరెంటు తీసేసి చల్లారనివ్వండి" అన్నాను. ఆయన వినలేదు. పటకారు తెచ్చి, వేడి మీదే మూతను గట్టిగా తిప్పారు. మరలు తెగి మూత ఎగిరిపోయింది. పక్కనే కప్పులు సర్దుతున్న నా కుడిచేతి మీద, మోచెయ్యి వరకు, ఆవిరి కొట్టింది.

నేను కేక వేశానో లేదో గుర్తులేదు. ఆయన శాఖాధిపతితో అన్న మాట మాత్రం గుర్తుంది. "తను సరిగా బిగించలేదండీ. ఎన్నిసార్లు చెప్పినా అంతే."

చెయ్యి మానడానికి నెల పట్టింది. ఆ నెలంతా మూత లేని మెషిన్ బల్ల మీదే ఉంది. వచ్చినవాళ్ళందరూ అడుగుతుంటే ఆయనకు నామోషీగా ఉండేది. "మా యూనివర్సిటీ వర్క్‌షాపులో లేత్ మేస్త్రి ఉన్నాడు. వాడికిచ్చి చేయించు" అన్నారు. "మీరే చెప్పకూడదూ?" అంటే, "నాకు టైమెక్కడుంది?" అన్నారు.

మెషిన్‌ను దుప్పట్లో చుట్టి రిక్షాలో క్యాంపస్‌కి తీసుకెళ్ళాను. వర్క్‌షాపులో మేస్త్రికి యాభై దాటి ఉంటాయి. మనిషి సన్నం, చేతులు మాత్రం పెద్దవి. ఊళ్ళో సేద్యం కలిసిరాక కుర్రతనంలోనే నగరానికొచ్చి, ఇనుము, ఇత్తడి చెక్కే లేత్ యంత్రం మీద పని నేర్చి, మాణికేశ్వర్ నగర్లో ఇల్లు కట్టుకున్నాడు. మెషిన్‌ను కాసేపు ముట్టుకోకుండా చూశాడు. తరవాత పిడి ఎత్తి దించాడు. మూత పోయిన చోట వేలు పెట్టి మరలు తడిమాడు.

"గిది ఎవరు చేసిండ్రమ్మా?"

"ఇటలీవాళ్ళు."

"వాళ్ళు గాదు. గీ మరలు ఎవరు తెంపిండ్రు?"

అతని చూపు నా చేతి మీది మచ్చ మీదికి పోయింది. మళ్ళీ అడగలేదు.

"మూత ఇత్తడితోని కొత్తది జెయ్యాలె. ఆవిరి ఎక్కువైతే పైకి పోయేటందుకు దాంట్ల చిన్న వాల్వు పెడ్త. గది లేకనే మీ చెయ్యి కాలింది. జర సార్‌తోని చిట్టీ రాపిచ్చుకరాండ్రి. బయటి పనికి చిట్టీ లేకుంటే మాకు పరేషాన్ అయితది."

"రేపు రాయించి పంపిస్తాను మేస్త్రీ గారూ."

"మంచిది. మీరు జెప్పిన్రు గదా, శురూ చేస్త."

నాలుగు రోజులకు మెషిన్ ఇచ్చాడు. మూత బంగారంలా మెరుస్తోంది. అందులో చిన్న వాల్వు, దాని మీద గోలీకాయంత బరువు. లోపల ఆవిరి గొట్టాలకు వాడే రబ్బరుతో కోసిన రింగు. పిడి జిల్లుమంటోందని చెబితే, ఇంటికొచ్చి ఎర్త్ తీగ కూడా లాగి, పెరట్లో పాతాడు. ఆ తరవాత ఆ మెషిన్ ఒక్కరోజు కూడా నన్ను ఏడిపించలేదు. మేస్త్రికి ఒక కప్పు చేసిచ్చాను. ఒక గుక్క తాగి మొహం చిట్లించి, "గిది మందు లెక్కున్నదమ్మా, మాకు ఇరానీ చాయే మంచిగుంటది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

చిట్టీ సంగతి ఆయనకు రెండుసార్లు గుర్తుచేశాను. "పని అయిపోయింది కదా, ఇంకా చిట్టీ ఏమిటి?" అన్నారు. మూడోసారి అడగలేదు. అది నా తప్పు. ఎన్నేళ్ళయినా దాన్ని ఇంకోలా చెప్పలేను.

ఆ తరవాతి ఏడాది క్యాంపస్ కుతకుతలాడింది. క్లాసులు సరిగా జరగలేదు. స్థానికులు, స్థానికేతరులు అన్న మాట ప్రతి నోటా ఉండేది. మేము కోస్తావాళ్ళం. పాలవాడితో మాట్లాడేటప్పుడు కూడా నా యాస నాకే వినబడేది. ఆ రోజుల్లోనే వర్క్‌షాపు స్టోరులో సరుకు లెక్క చూస్తే ఇత్తడి కడ్డీలు తగ్గాయట. ఎవరెవరు ఏమేం వాడారని అడిగితే మేస్త్రి ఉన్నమాట చెప్పాడు. ఫలానా సారు ఇంటి మెషిన్‌కి ఒక్క మూత చేశాను, అమ్మ వచ్చి అడిగింది, చిట్టీ పంపిస్తానంది, అని.

ఆ సాయంత్రం ఆయన తలుపేసి నాతో మాట్లాడారు.

"ఎవరైనా అడిగితే మనకేం తెలియదని చెప్పాలి."

"నేనే కదండీ తీసుకెళ్ళింది?"

"అర్థం చేసుకో. కోస్తా లెక్చరరు స్థానికుడి చేత సొంతపని చేయించుకున్నాడని బయటికొస్తే ఏమవుతుందో తెలుసా? రీడర్ ఇంటర్వ్యూ వచ్చే నెల."

"మరి మేస్త్రి?"

"వాడికేం కాదు. పర్మనెంటు మనిషి. తిట్టి వదిలేస్తారు."

విచారణ చేస్తున్నాయన ఇంకో శాఖలో పెద్ద ప్రొఫెసరు. మాకు తెలిసినవాడే. నన్ను ఆఫీసుకు పిలవడం మర్యాద కాదని తనే ఇంటికొచ్చారు. మా ఆయన నాకేసి తిరిగి, "కాఫీ పెట్టు" అన్నారు. మామూలు కాఫీ పెడదామని లేచాను. "అదేమిటి, మెషిన్ కాఫీ ఇవ్వు" అన్నారు. దాచేదేమీ లేదని చూపించడానికన్నమాట.

అతిథి ఎదుట నిలబడి నీళ్ళు పోశాను, ఇత్తడి మూత బిగించాను, పిడి లాగాను. ప్రొఫెసరు కప్పు అందుకుని, మూత వంక చూసి, "ఇది కొత్తదిలా ఉందే" అన్నారు.

"ఇటలీ నుంచి తెప్పించానండీ" అన్నారు మా ఆయన.

అతిథి నావైపు తిరిగారు. "చెల్లెమ్మా, వర్క్‌షాపు మేస్త్రి మీరొచ్చి అడిగారంటున్నాడు. వెళ్ళారా?"

ఆ మాట అడిగిన గొంతు మెత్తగానే ఉంది. నిజం చెప్పివుంటే వినేవారనే ఇప్పటికీ నా నమ్మకం. నా కాలిన చెయ్యి కొంగు కింద ఉంది. "లేదండీ అన్నయ్యగారూ" అన్నాను. ప్రొఫెసరు కాఫీ మొత్తం తాగి, బావుందని చెప్పి వెళ్ళారు.

మేస్త్రిని తిట్టి వదిలెయ్యలేదు. ఆ పోయిన కడ్డీలన్నీ అతని నెత్తిన వేశారు. రావలసిన ఫోర్‌మన్ పదవి రాలేదు. లేత్ దగ్గర్నుంచి తీసేసి, తోటలకు నీళ్ళు పెట్టే పంపు దగ్గర వేశారు. మీట వెయ్యడం, మీట తియ్యడం, అంతే పని. మా ఆయన ఆ వేసవిలోనే రీడర్ అయ్యారు. ఇంటికి స్వీట్లు తెచ్చారు.

వర్షాలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం చెప్పకుండా మాణికేశ్వర్ నగర్ వెళ్ళాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. లేత్ మేస్త్రి అంటే అందరికీ తెలుసు. గుమ్మంలో అతని భార్య బియ్యం ఏరుతోంది. నేనెవరో చెప్పగానే చాట పక్కన పెట్టి లేచి లోపలికి పోయింది. కూర్చోమనలేదు. మేస్త్రి బయటికొచ్చి స్టూలు వేశాడు. నేను నిలబడే ఉన్నాను.

"మేస్త్రీ గారూ, నేను అబద్ధం చెప్పాను. ఇప్పుడు వెళ్ళి నిజం చెప్తాను."

నాకు వేసిన స్టూలు మీద అతనే కూర్చున్నాడు.

"గప్పుడు ఒక్క మాట జెప్తే అయిపోతుండె అమ్మా. ఇప్పుడు జెప్తే సార్ ఇజ్జత్ పోతది, మీ ఇంట్ల లొల్లి అయితది. నా లేత్ మల్ల రాదు. దాని మీద వేరేటోణ్ణి పెట్టిండ్రు."

"అయినా సరే."

"మీ ఇష్టం." నా చేతి మీది మచ్చ వంక చూసి అడిగాడు, "మూత లీక్ అయితున్నదా?"

"లేదు."

"రబ్బరు ఏడాదికొకసారి మార్చుండ్రి. లేకుంటే మల్ల చెయ్యి కాలుతది."

లోపలి నుంచి భార్య గొంతు వినిపించింది. "ఇంకా దాని ముచ్చటే మాట్లాడుతున్నవా?"

ఇంటికొచ్చి, ఉన్నది ఉన్నట్టు రాసి, నా సంతకంతో రిజిస్ట్రారుకు పోస్టు చేశాను. జవాబు రాలేదు. ఉత్తరం మాత్రం ఎలాగో చేతులు మారి మా ఆయనకు చేరింది. దాన్ని నా ముందు చింపలేదు, అరవలేదు. మడిచి తన పుస్తకాల అలమరలో పెట్టి తాళం వేశారు. "నీకు ఆరోగ్యం బాగోలేదని చెప్పాను, వాళ్ళు పట్టించుకోరు" అన్నారు. ఆ తరవాత ఇద్దరం ఒకే ఇంట్లో ఉన్నాం, పిల్లల్ని పెంచాం, చర్చిలో పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన చేతికి నేను మళ్ళీ ఆ మెషిన్ కాఫీ ఇవ్వలేదు. ఏడాది తిరక్కముందే ఆయన దాన్ని విద్యానగర్‌లో ఉండే ఒక జూనియర్‌కి ఇచ్చేశారు. ఎలా శుభ్రం చెయ్యాలో అడగడానికి ఆ అబ్బాయి రాలేదు, నేను చెప్పి పంపలేదు. నీళ్ళు పోయకుండా కరెంటు పెడితే కాయిల్ కాలిపోయిందని తరవాత విన్నాను.

మేస్త్రి పంపు దగ్గరే రిటైరయ్యాడు. ఆ సంగతి తార్నాక కూరగాయల బజారులో అతని భార్య చెప్పింది. అప్పటికి నన్ను చూస్తే మొహం తిప్పుకోవడం మానేసింది, అంతే.

"ఎట్లున్నడు?" అని అడిగాను. అన్నేళ్ళకు ఆ యాస నా నోటికీ అలవాటైంది.

"ఏముంటడు. చేతులు ఊకుంటలేవు. ఇంట్ల గడియారం, స్టవ్వు, తాళంకప్ప, ఏది దొరికితే గది ఇప్పుతడు, మల్ల బిగిస్తడు. ఖరాబ్ గాకున్నా ఇప్పుతడు."

వంకాయలు తూచి సంచిలో పోయించుకుని ఆమె వెళ్ళిపోయింది. నేనేం కొనడానికి వచ్చానో మర్చిపోయి, ఆ కొట్టు ముందు చాలాసేపు నిలబడ్డాను.