సాలీడు పాకలేదు

దూకే సాలీడును స్పిరిట్ సీసాలో వేస్తే అది వెంటనే చావదు. ముందరి కాళ్ళు రెండూ గాజుకు ఆనించి, మొహం మనవైపు తిప్పి చూస్తుంది. మిగతా సాలీళ్ళకు ఈ అలవాటు లేదు, మనం ఎవరమో వాటికి పట్టదు. దీనికి మొహం మీద లారీ లైట్లలా రెండు పెద్ద కళ్ళు, వాటికి అటూ ఇటూ రెండు చిన్నవి, నెత్తి మీద వెనక్కి ఇంకో నాలుగు ఉంటాయి. అన్నిటితోనూ చూస్తూ చస్తుంది. పదిహేనేళ్ళుగా ఆ చూపును లెక్కచేయకుండా మూత బిగిస్తున్నాను. జాలిపడేవాడు ఇంట్లో కూర్చుని కవిత్వం రాసుకోవాలి, జువాలజీ చదవకూడదు అని నా విద్యార్థులతో అనేవాణ్ణి.

నేను జనగామలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో దూకే సాలీళ్ళు ఎన్ని రకాలున్నాయి, ఏది ఎక్కడ బతుకుతుంది అన్నది నా పరిశోధన. ఇవి వల అల్లి కూర్చునే రకం కాదు. మాటు వేస్తాయి, దూరం కొలుచుకుంటాయి, దూకి పట్టుకుంటాయి. ఇంటి గోడల మీద బూడిద రంగులో బల్లపరుపుగా ఉండే మెనెమెరస్, తలుపు సందుల్లో నల్లటి ఒంటి మీద తెల్ల చారలున్న ప్లెక్సిపస్ మగది, అదే జాతి ఆడదయితే వట్టి గోధుమ రంగు. భూపాలపల్లి అడవిలో టేకాకుల అడుగున లేతపసుపు టెలమోనియా, దాని వీపు మీద రెండు ఎర్ర గీతలు. మహబూబాబాద్ మామిడితోటల్లో ఎర్రచీమల గుంపులో చీమలాగే నడుస్తూ, ముందరి కాళ్ళను చీమ మీసాల్లా ఆడిస్తూ తిరిగే దొంగ ఒకటుంది, అదీ సాలీడే. గొడుగు తిరగేసి కొమ్మ కింద పెట్టి, కట్టెతో కొమ్మను కొడితే ఇవన్నీ గొడుగులో రాలతాయి. చేలల్లో కూలికొచ్చిన ఆడవాళ్ళు నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నవ్వనీ, ఆకులు తెంపడం తప్ప వాళ్ళకేం తెలుసు అనుకునేవాణ్ణి. అప్పట్లో నాకు తలపొగరు అంత ఉండేది.

కంటికి కనబడే రంగూ చారలూ చూసి జాతి చెప్పేవాడు మా శాస్త్రంలో పిల్లకాయ. ఆడదీ మగదీ వేరుగా కనిపించి, ఒకే జాతికి రెండు పేర్లు పెట్టి పరువు పోగొట్టుకున్నవాళ్ళు మాలో చాలామంది. మగదాని మూతి పక్కన బొడిపెల్లాంటి రెండు చిన్న కాళ్ళుంటాయి, వాటి కొనను సూదితో విడదీసి మైక్రోస్కోపు కింద చూడాలి. ఆడదాని పొట్ట కింది ముద్ర చూడాలి. ఈడుకు రాని పురుగైతే ఎంత చూసినా జాతి తేలదు, దాన్ని ఊరికే చంపినట్టే. ఆ తర్వాత ప్రశ్నల పట్టిక ముందు పెట్టుకుంటాం. ప్రతి ప్రశ్నకూ రెండే జవాబులు. అవునంటే ఒక దారి, కాదంటే ఇంకో ప్రశ్న. కాదు అని రాసి అక్కడే ఆగిపోయిన విద్యార్థికి నేను సున్నా వేసేవాణ్ణి. ఏది కాదో చెప్పడానికి చదువెందుకు, ఏదో చెప్పు అని క్లాసులో నిలబెట్టి అడిగేవాణ్ణి. ఒకమ్మాయి ఏడ్చింది కూడా.

నేను వాడే సూదులు మా అక్కవి. అక్క నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. బావ పోయాక రేగొండ పక్కనున్న మా ఊరు వదిలి జనగామ వచ్చి, కిరాయింటి ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టింది. ఇంటర్ చదవడానికి నన్నూ వెంట తెచ్చుకుంది. ముందు గది తనది, వెనక గది నాదీ నా సీసాలదీ. అక్క కుట్టిన జాకెట్టుకు చంక దగ్గర ముడత పడదని బస్సెక్కి వచ్చేవాళ్ళుండేవాళ్ళు. దారాన్ని సూదిలోకి ఎక్కించడం నాకు నేర్పింది తనే. నోరు మాత్రం కత్తెరే. చదువుకున్న తమ్ముడు పురుగుల్ని సీసాల్లో దాచుకుంటాడని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. "మావోడు పెండ్లాన్ని తేకపాయె, పెండ్లాం తీరు సాలెపురుగులను సూసుకుంటడు" అనేది. నేనూ తక్కువ తినలేదు. నీ మిషన్ చప్పుడుకు నా పురుగులే నయం, నోరు మూసుకుని చస్తాయి అనేవాణ్ణి. మేమిద్దరం అట్లాగే ప్రేమగా ఉండేవాళ్ళం, ఇంకో తీరు మాకు రాదు.

పత్తి పూత మీదున్న రోజుల్లో ఒక పొద్దున అక్క నా గది గుమ్మంలో నిలబడింది. ఎడమ నొసటి మీద, కనుబొమ్మ దాకా, ముక్కు కొస మీద కూడా ఎర్రగా పొక్కులు లేచి ఉన్నాయి.

"నీ సాలెపురుగు పాకిందిరా నా మీద. మంట లేస్తుంది, సూడు."

మా దిక్కు ఒంటి మీద ఇట్లా ఏది పొక్కినా సాలెపురుగు పాకిందంటారు, అది ఉచ్చ పోసిందంటారు. చిట్యాలలో ఒక ముసలామె దానికి పసరు పెడుతుంది. మా అవ్వకు నడుం మీద లేచినప్పుడు ఆమె దగ్గరికే తీసుకుపోయారు. ఈ మాట మీద నేను కాలేజీలో, పెళ్ళిళ్ళలో, బస్సుల్లో ఎంతమందితో కొట్లాడానో. ఇప్పుడు నా ఇంట్లోనే, నా సొంత అక్క నోటనే ఆ మాట వచ్చింది. ఒళ్ళు మండింది. అక్క నొసలు చూడాల్సినవాణ్ణి, అక్క చెప్పిన కారణం ఒక్కటే చూశాను.

"సాలెపురుగు పాకితే పొక్కులు రావక్కా. గవన్ని మూఢనమ్మకాలు."

"మరి ఇదేంది? రాత్రి దాక లేదు, పొద్దుగాలకు లేచింది. నీ గదిల ఊడ్సిన గద నిన్న. జర చిట్యాల దాక పోయొస్త. ముసలామె పసరు పెడితే సల్లబడ్తది."

"పోతే పో. పోయి, మా తమ్ముని పురుగే పాకిందని చిట్యాల అంత టాంటాం కొట్టు. మళ్ళ నా మొహం సూడకు."

అక్క ప్రయాణం మానుకుని అలిగి కూర్చుంది, అంటే నేను గెలిచినట్టే. అయినా నాకు చాలలేదు, ఒప్పించాలనిపించింది. ఒక బతికున్న సాలీడును నా మోచేతి కింద పాకించి, దాని మీద గాజు గిన్నె బోర్లించి గంటసేపు కూర్చున్నాను. ఏమీ పొక్కలేదు. తర్వాత ఇంకొకదాన్ని చంపి మైక్రోస్కోపు కింద పెట్టి అక్కను చేయి పట్టుకుని లాక్కొచ్చాను.

"సూడు. నీ మీద పోసేటందుకు దీని దగ్గర ఏముందో నువ్వే సూసి చెప్పు."

అక్క వంగింది. ఎడమ కంటి నుంచి నీళ్ళు కారి చెంప మీదికి వస్తున్నాయి.

"మసక మసకగుందిరా."

"రెండు కండ్లతోని సూడాలె. ఒకటి మూస్తున్నవ్ నువ్వు."

"మూస్తలేను. గీ కంటికి ఏం కనబడ్తలేదు."

నేను మరను అటూ ఇటూ తిప్పాను. ఫోకస్ సరిచేశాను. కింది లైటు పెంచాను. "నీకు సూడరాదు" అన్నాను. ఇది జరిగింది. దీన్ని ఎన్నిసార్లు ఎట్లా తిప్పి చెప్పుకున్నా ఇంతకన్నా మెరుగ్గా రాదు. కన్ను పోతున్న మనిషి కనబడడం లేదు మొర్రో అంటే, నేను మైక్రోస్కోపును బాగుచేశాను.

అక్క లేచి కొంగుతో చెంప తుడుచుకుంది. "సరే. నీ సాలెపురుగు కాదు. సాలునా? చదవేస్తే ఉన్న మతి పోయిందట" అని మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది. మరేమిటి అని నేను అడగలేదు. కాదు అని తేలిపోయింది కాబట్టి నా పని అయిపోయింది. మధ్యాహ్నం బండికి గొడుగూ సీసాలూ సర్దుకుని మహబూబాబాద్ వెళ్ళాను. మామిడితోటలో చీమవేషం వేసే సాలీడు మగది, ఈడుకొచ్చింది, రెండు రోజుల వెతుకులాట తర్వాత దొరికింది. పొడుగాటి దవడలు చాచి గొడుగులో నిలబడితే సంతోషం పట్టలేకపోయాను. ఆ సంతోషంలోనే అక్కకు ఫోన్ చేశాను. ఎట్లున్నవ్ అంటే "మంచిగనే ఉన్న" అంది. ఆ గొంతు ఎంత పొడిగా ఉందో నాకు వినబడింది. ఇంకా అలక తీరలేదు, తీరకపోతే మానె అనుకున్నాను.

మూడో రోజు పగటి బండికి తిరిగొచ్చేసరికి అక్క గోడకు తిరిగి పడుకుని ఉంది. ఎడమ రెప్ప కోడిగుడ్డంత వాచి మూసుకుపోయింది, సందులోంచి చీము కారుతోంది. కుట్టాల్సిన గుడ్డలు విప్పకుండానే ఉన్నాయి. అప్పుడు పరుగెత్తాను. వరంగల్‌లో ఒక కంటి దవాఖానలో చిన్న వయసు డాక్టరమ్మ రెప్ప విప్పి లైటు వేసి చూసింది.

"ఇది సర్పి. చిన్నప్పటి అమ్మవారు ఒంట్లో నరాల్లో దాక్కుని మళ్ళీ లేచింది. ముక్కు కొస మీద పొక్కు కనబడగానే రావాల్సింది. నల్లగుడ్డు పాడయింది. మొదటి రోజు మందు పడి ఉంటే చాలా మటుకు కాపాడేవాళ్ళం. ఇన్నాళ్ళు ఏం చేశారు?"

మీరేం చేస్తుంటారు అని అడిగింది. జువాలజీ లెక్చరర్ని అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, చీటీ రాయడం మొదలుపెట్టింది.

బయట బల్ల మీద కూర్చున్నప్పుడు, కంటికి కట్టు కట్టుకుని అక్క నవ్వింది. "సాలెపురుగు కాదంట గదా. గెలిచినవ్ తమ్మీ." నన్ను చెప్పుతో కొట్టినా అంత తగిలేది కాదు. తగలాలనే అంది, అక్కకు ఎక్కడ గుచ్చాలో తెలుసు.

ఆ చలికాలం చిట్యాల దిక్కు పత్తి చేలల్లో తిరుగుతూ ఆ ముసలామె ఇంటికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో దాచను. అక్కను తన దగ్గరికి పంపినా కన్ను పోయేదేనని ఆమె నోటితో వినాలని వెళ్ళాను. ఆమె పసరు పెట్టి ఇంకా పాడుచేసేదని, నేను ఆపడమే మంచిదైందని నాకు నేను చెప్పుకోవడానికి ఒక సాక్ష్యం కావాలి. ఆమె వాకిట్లో కందులు చెరుగుతోంది. సంగతి చెప్పాను.

"ఏ దిక్కు లేచింది బిడ్డా?"

"నొసలు మీద అవ్వా. కన్ను దాక."

చేట ఆగింది. "కంటి దిక్కు లేస్తే నేను ముట్ట. మా అత్త నాకు మొదలు నేర్పిందే గది. నడుముకు లేస్తే పసరు పెడ్త, చెయ్యికి లేస్తే పెడ్త. కంటి దిక్కయితే కూసో అని గూడ అన. ఆటో ఎక్కించి సీదా దవాఖానకు తోలుత. నీ అక్కను తోలియ్యకపోతివి నా దగ్గరికి?"

నేను ఆపానని చెప్పలేకపోయాను. రాలేదవ్వా అన్నాను. ఆమె నాలుక చప్పరించి మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. జేబులో సీసా ఒకటి ఉంది, ఇప్పుడే పక్క పత్తి చేలో పట్టిన వెంట్రుకల సాలీడు, స్పిరిట్‌లో ఇంకా కాళ్ళాడిస్తోంది. చదువురాని ఆ ముసలామె ప్రశ్నల పట్టికలో రెండో ప్రశ్న ఉంది. నా దాంట్లో లేదు.

ఇప్పుడు అక్క జాకెట్లు కుట్టదు. ఫాల్సూ, పరదాలూ కుడుతుంది. ఒంటి కన్నుతో సూదీ దారమూ ఎంత దూరంలో ఉన్నాయో తెలియదు, దారం సూది పక్కనుంచి గాలిలోకి పోతుంది. పొద్దున కాలేజీకి పోయేముందు ఇరవై సూదులకు దారాలు ఎక్కించి దిండుకు గుచ్చి పెట్టి పోతాను. థాంక్స్ అనదు, అక్కర్లేదు. వచ్చినవాళ్ళు కన్ను సంగతి అడిగితే "గుడ్డికన్ను మూసినా ఒకటే తెరిచినా ఒకటే" అని నవ్విస్తుంది. నా సీసాలు మాత్రం గదిలోనే ఉన్నాయి. తీసేస్తానంటే, "ఉండనీ. ఇంత చేసినంక గవి లేకపోతే ఎట్ల" అంది.

మొన్న ఆదివారం ఇద్దరం ముందు గదిలో ఉన్నాం. మిషన్ పైన గోడ మీదికి నల్ల ఒళ్ళు, తెల్ల చారలతో ప్లెక్సిపస్ మగది వచ్చింది. నేను చూసేలోపే అక్క కొలతల కట్టెస్కేలు ఎత్తి బలమంతా పెట్టి కొట్టింది. సున్నం రాలింది. దెబ్బ జానెడు పక్కన పడింది. సాలీడు కదలలేదు. మొహం ఇటు తిప్పి అక్కనే చూస్తూ నిలబడింది.

"తాకిందా?" అంది అక్క.

"తాకిందక్కా" అన్నాను.

అక్క స్కేలు ఒళ్ళో పెట్టుకుంది. ఉన్న ఒక్క కన్నూ గోడ మీది నుంచి నా మీదికి తిప్పింది.

"కాదని చెప్పుడు నీకు మంచిగొస్తది గదరా. గిప్పుడు చెప్పు."